కరువు పని

అనంతపురము జిల్లా పల్లెలలో గ్రామీణ ఉపాధి హామీ పథకమును ఆ పేరుతో పిలుచువారు మండల కార్యాలయములో తప్ప మరెక్కడను కానరారు. ప్రభుత్వము వారు పెట్టిన పేరు ఎంత పొడవో జనము పెట్టుకొన్న పేరు అంత పొట్టి: కరువు పని. వానలు దండిగా కురిసి చెరువులు అలుగు పారిన యేట కూడ అది కరువు పనియే. "కరువు పని లెక్క పడిందా?" అని ఒకరినొకరు అడుగుకొనుటలో వారికి వింత యేమియు తోచదు (సీమలో లెక్క యనగా డబ్బు). కోస్తా పల్లెలలో దీనినే ఉపాధి పని యనియో, వంద రోజుల పని యనియో అందురు గాని కరువు మాట ఎత్తరు. చట్టపు పుస్తకమున హక్కు అని వ్రాసియున్న దానిని సీమ జనము కరువు అని పిలుచుట మొదట నాకు అజ్ఞానముగా కనబడినది. పాత దస్తరములను కొంత తిరుగవేసిన పిమ్మట ఆ అజ్ఞానము నాదేయని తెలిసికొంటిని.

ఆ పేరు వెనుక కథ ధాత నామ సంవత్సరము నాటిది, అనగా 1876వ సంవత్సరపుది. ఆ యేడు వానలు ముఖము చాటువేయగా బళ్ళారి, కడప, కర్నూలు అను మూడు దత్తమండలపు జిల్లాలు మొట్టమొదట మాడిపోయినవి. అనంతపురము నాటికింకను వేరు జిల్లా కాలేదు. అది బళ్ళారిలో భాగము. వాన కురియకపోవుటకు ఎవరిని నిందింపగలము? కాని వాన లేని యేట ఏ ఇంట పొయ్యి వెలిగినది, ఏ ఇంట వెలుగలేదు అను లెక్క వేరు. రైతు శిస్తును రొక్కముగా కట్టవలసినవాడు. కావున మంచి యేట పండిన గింజను కూడ అమ్ముకొని, పాతరలో దాచుకొను పాత అలవాటును చాలవరకు వదులుకొన్నవాడు. మద్రాసునుండి కడప, తాడిపత్రి, గుత్తిల మీదుగా రాయచూరునకు రైలుబండి 1871 నాటికే నడుచుచున్నది. ఆ బండి గింజను తెచ్చుటకు ఎంత పనికివచ్చునో తీసికొనిపోవుటకును అంతే పనికివచ్చును, ఏలయన సరుకు ఆకలి ఉన్నచోటికి గాక రూపాయి ఉన్నచోటికి పోవును. రైతు మొదట ఎద్దులను అమ్ముకొనెను, తరువాత ఇత్తడి చెంబులను, ఆ తరువాత ఆలి మెడలోని పుస్తెను. నేతగాని మగ్గము ఆగిపోయెను; గంజికి లేనివాడు చీర కొనడు గదా. భూమి లేని కూలివానికి అమ్ముకొనుటకు రెండు చేతులే ఉండెను. గింజ ధర రెండింతలు, మూడింతలు అయిన దినముననే వాని చేతుల ధర సున్న అయ్యెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తరిగిపోయినది. దేశము మొత్తము మీద, బ్రిటిషు పాలనలోని ప్రాంతములలోనే, ఆ కరువునకు అరకోటికి పైగా జనము మడిసిరి.

ఇక్కడ సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర కథ కొంత చెప్పవలెను. 1873–74లో బీహారున కరువు వచ్చినప్పుడు ఈ దొరయే బర్మానుండి బియ్యము తెప్పించి జనమునకు పంచిపెట్టెను, చావులు అత్యల్పము. అందుకు ఆయనకు దక్కిన బహుమానము, ఖజానాను దుబారా చేసెనను నింద. ఆ నిందను మనసున పెట్టుకొన్న దొరను 1877 ఆరంభమున వైస్రాయి లిట్టన్ ప్రభువు మద్రాసునకు పంపెను. జనవరి 1వ తేదీననే ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటుచు ఘనమైన దర్బారు జరిపించిన లిట్టన్ ప్రభువునకు దక్షిణమున ఖర్చు తగ్గింపవలెనను పట్టుదల మెండు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు ప్రభుత్వపక్షమున ధాన్యము కొనగా అదియును తప్పే అయ్యెను. వర్తకము నడుమ సర్కారు వేలు పెట్టరాదట. టెంపుల్ దొర వచ్చి, ఆకలిగొన్నవారికి కూలి దొరకుటకై సర్కారు తెరిచిన కరువు పనులలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిమీద ఒక అణా చాలునని నిర్ణయించెను. పౌను అనగా మన నేటి తూకములో అరకిలోకు కూడ తక్కువ. రాళ్ళు కొట్టి, మన్ను మోసి, రోడ్డు వేయు మనిషికి అది ఒక పూట సంకటి. ఆ కూలియైనను ఇంటి దగ్గర దొరకదు; ఊరు వదలి దూరపు శిబిరములకు పోయి పడియుండువారికే పని. ఎవడు నిజముగా ఆకలిగొన్నవాడో, ఎవడు సోమరియో తేల్చుటకు దూరమే పరీక్ష.

మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ దీనిని బాహాటముగా వ్యతిరేకించెను. మద్రాసు జైళ్ళలోని ఖైదీకి పెట్టు తిండికంటె ఇది తక్కువయని ఆయన లెక్కలతో చూపెను. దొంగతనము చేసి జైలుకు పోయినవాడు, నిజాయితీగా మన్ను మోసినవానికంటె నయముగా తినుచున్నాడన్నమాట. బొంబాయి రాజధానిలో కూలీలు వేలకొలది పనులు మాని వెళ్ళిపోయిరి. పూనాలోని సార్వజనిక సభవారు వారి పక్షమున అర్జీలు వ్రాసిరి. కొన్ని నెలలకు కూలి కొంత పెంచిరి. పెంచునాటికి పోవలసిన ప్రాణములు పోయినవి. ఆ కరువు పనులలో త్రవ్విన కాలువ ముక్క ఒకటి మద్రాసు నగరములో నేటికిని ఉన్నది. మన కోస్తా వెంబడి పెదగంజాము దాక సాగు ఆ బకింగ్‌హాం కాలువకు డ్యూకుగారి పేరే నిలిచినది. మన్నెత్తినవారి పేర్లు ఏ కాలువకును పెట్టరు.

కూలిని అంత తక్కువగా పెట్టుట కేవలము పిసినారితనమే యని నేను చాలకాలము తలచితిని. అది పిసినారితనమే యైనచో బెంగ లేదు. వెనుక ఒక సిద్ధాంతము కలదు. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టము ఒక సూత్రమును స్థాపించెను: సహాయము పొందువాని స్థితి, బయట అతి తక్కువ కూలికి పనిచేయువాని స్థితికంటె హీనముగా ఉండితీరవలెను, లేనిచో బయటి పనికి మనుషులు దొరకరు. సహాయపు కూలి ఎప్పుడును బయటి కూలికి క్రింద ఉన్నప్పుడే బయటి కూలి ఉన్నచోట ఉండును. అనగా కరువు పనికి కూలి నిర్ణయించువాడు, ఊరిలోని ప్రతి ఆసామి ఇచ్చు కూలిని కూడ తెలిసియో తెలియకయో నిర్ణయించుచున్నాడు. స్ట్రేచీ అధ్యక్షతన కూర్చుండి 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమీషను, కరువులో మొదట చచ్చునది భూమిలేని కూలియు, చేతిపనివాడును అనియు, కొరవడునది ప్రధానముగా గింజ కాదు, గింజ కొనుటకు కావలసిన పనియును కూలియును అనియు ఒప్పుకొనెను. అంత ఒప్పుకొనియు, ఆ తరువాత ఏర్పడిన కరువు నియమావళులలో కూలి ప్రాణము నిలుచుటకు మాత్రమే సరిపోవలెనని గీత గీచిరి. బెంగాలులో 1943 నాటి కరువును ఆధారముగా చేసికొని అమర్త్య సేన్ 1981లో అచ్చువేసిన గ్రంథము లోకమునకు చాటిన సంగతి, గింజ ఉండగానే జనము చచ్చుననునది, ఆ దస్తరపు కాగితములలో నూరేళ్ళకు ముందే సగము వ్రాసి పెట్టియున్నది.

ఇంతకును సీమకు కరువు పనియు, కోస్తాకు కాలువయు ఎట్లు వచ్చినవి? కోస్తాకు కరువు తెలియదనుకొనుట పొరపాటు. నందన నామ సంవత్సరమున, 1832–33లో, గుంటూరు సీమలో అయిదు లక్షల జనములో రెండు లక్షలమంది పోయిరని నాటి అంచనా. దారుల వెంట డొక్కలెండిన శవములు పడియుండినందున దానికి డొక్కల కరువను పేరును కలదు. జనము పోగా శిస్తును పోయెను; కుంఫిణీ వారికి నొప్పి కలిగినది అక్కడ. ఆర్థర్ కాటన్ దొర గోదావరికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టుదమని వ్రాసిన వ్రాతలలో జాలి ఉన్నది, లెక్కయు ఉన్నది. పెట్టిన రూపాయి శిస్తు రూపమున ఎన్ని రెట్లు తిరిగివచ్చునో ఆయన చూపెను. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టిరి. వెనువెంటనే బెజవాడవద్ద కృష్ణకు మరొకటి. లెక్క నిజమే అయ్యెను. డెల్టాలో మాగాణి పెరిగెను, మాగాణి మిగులు ధాన్యపు మిల్లులయ్యెను, చదువులయ్యెను, పొగాకు వ్యాపారమయ్యెను, సినిమా కంపెనీలయ్యెను. ఆ మిగులే నేడు హైదరాబాదు మేడలలోను, సముద్రములకావలి ఉద్యోగములలోను వేరొక రూపమున కనబడుచున్నది. సీమలో మాత్రము కర్నూలు–కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించిరి. పెట్టుబడిపై నూటికి అయిదు వడ్డీ వచ్చినను రాకున్నను తాము చెల్లించెదమని సర్కారు వాటాదారులకు హామీ పడెను. లండనులోని వాటాదారుకు హామీ, మన్నెత్తు కూలివానికి పరీక్ష! ఆ కంపెనీ పని చక్కగా సాగక, 1882లో సర్కారే కాలువను కొనుగోలు చేయవలసివచ్చెను. ఒకే భాష మాటాడు రెండు సీమలలో ఒకదాని తాతలు ఆస్తిని, మరొకదాని తాతలు అప్పును విడిచిపోవుటలో వాన పాత్ర కొంతయే. పెట్టుబడి ఎక్కడ పెట్టవలెనో నిర్ణయించిన బల్ల దగ్గర ఎవరి లాభము లెక్కకు వచ్చినదన్నది మిగిలినంత.

సీమ జనము పాలకులందరిని ఒకే గాటకట్టి తిట్టుకొన్నవారు కారని కూడ చెప్పవలెను. దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరైన థామస్ మన్రో, శిస్తు బరువైనదని ఒప్పుకొని, నాలుగవ వంతు తగ్గింపుడని పైవారికి వ్రాసెను. ఆ ప్రాంతమున బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నవారు ఉండిరి. ఆయన తగ్గింపుమన్న నాలుగవ వంతు మాత్రము అప్పట్లో తగ్గలేదు.

స్వరాజ్యము వచ్చినతరువాతను కరువు పని చాలకాలము కరువు పనిగానే, అనగా కలెక్టరు దయతలచి తెరిచినప్పుడు తెరిచి మూసినప్పుడు మూయునదిగానే ఉండెను. దానిని మొదట మార్చినది మహారాష్ట్రము. 1972–73లో అక్కడ వచ్చిన ఘోరమైన అనావృష్టిలో లక్షలమంది రోడ్డు పనులకు దిగగా, పని అడిగినవానికి ఇచ్చితీరవలెనను చట్టమును ఆ రాష్ట్రము 1977లో చేసెను. ఖర్చునకై బొంబాయి మొదలైన నగరములలోని ఉద్యోగులపై వృత్తి పన్ను వేసిరి. నగరపు గుమాస్తా జీతములో కోత పడుట, పల్లెలోని కూలికి పని దొరకుట, ఆ పనితో భూస్వామి పొలము ప్రక్కన చెరువో బాటయో ఏర్పడుట, ఈ మూడును ఒక ముడిలో బిగిసినందుననే ఆ చట్టము నిలిచెనని నా అభిప్రాయము. పేదవానికి మాత్రమే మేలుచేయు పథకమునకు శాసనసభలో చేతులెత్తువారు ఎన్నడును తక్కువే.

2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టమును టెంపుల్ దొర నియమముల ప్రక్కన పెట్టి చదివినచో, దొర వ్రాసిన ప్రతి పంక్తిని ఎవరో తలక్రిందులు చేసి వ్రాసిరేమోయని తోచును. దూరపు శిబిరమునకు బదులు అయిదు కిలోమీటర్లలోపల పని. అంతకు మించి పంపినచో కూలిపై నూటికి పది అదనము. పరీక్షకు బదులు హక్కు: ఏ కుటుంబమైనను సంవత్సరమునకు నూరు దినములు అడుగవచ్చును, అడిగిన పదునైదు దినములలో పని చూపనిచో భృతి చెల్లింపవలెను. ఆడువారికి మగవారికి ఒకే కూలి. దొర కాలమున ఆడుదానికి మగవానికంటె తక్కువ, బిడ్డకు ఇంకను తక్కువ. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధాని మన్మోహన్ సింగు ఈ పథకమును ప్రారంభించుటకు వచ్చినది అనంతపురము జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లికే. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిలునుండి పల్లెలున్న ప్రతి జిల్లా.

సంక్రాంతి వెళ్ళిన కొలది దినములకు, బండ్లపల్లికి పది పండ్రెండు మైళ్ళ దూరములోని ఒక ఊరి గుట్ట క్రింద, ఆ పని చూచుటకు పోతిని. చలి ఇంకను విడువలేదు. ఆడువారు చీరకొంగులు తలకు బిగించి, కొందరు మగవారి పాత చొక్కాలు పైన తొడుగుకొని, ఎఱ్ఱనేలలో కందకములు త్రవ్వుచుండిరి. నలువదిమందిలో ముప్పదిమందికి పైగా ఆడువారే. పైనున్న ఒక జానెడు మన్ను మెత్తగా వచ్చును. దాని క్రింద గరుసు, గునపము పడినచో ఠంగున మ్రోగును. కూలీల జట్టుకు మేటీగా ఉన్న పిల్ల, పదియవ తరగతి దాటిన పిల్ల, చేతిలో ఫోనెత్తి అందరిని వరుసగా నిలువుమని కేక వేసెను. హాజరునకై ఉదయమొకటి, సాయంకాలమొకటి ఫోటో ఎక్కవలెను. సిగ్నలు లేక ఎక్కనిచో ఆ దినపు మస్టరు చిక్కులో పడును. గుట్ట నీడన సిగ్నలు రాదు. ఆ పిల్ల ఒక బండపైకెక్కి ఫోనును ఆకాశమునకు చూపుచు నిలుచుండగా, నలువదిమంది గునపములు దించి ఆమెవైపే చూచుచుండిరి.

2025–26లో ఇచ్చటి కూలి దినమునకు 307 రూపాయలని కాగితము. గుంత కొలతలు తేలినపుడు దానికి తగ్గుటయే తరచు. నా ప్రక్కన కూర్చుండి ఆకు వక్క నమలుచున్న ఒక పెద్దమ్మను, ఇంత కష్టపడి ఇంత తక్కువకు ఎందుకు వచ్చెదరని అడిగితిని.

"ఇది తక్కువేలే నాయనా. కాని ఇది ఉండబట్టే అది ఉంది" అనెను.

నాకు అర్థము కాలేదు.

"ముందర ఆసామి సేనికి పిలిస్తే, యెంతిస్తే అంత దీసుకొని వచ్చేటోళ్లం. మళ్లా యెప్పుడు పిలుస్తాడో అని నోరెత్తేది లేదు. ఇప్పుడు ఆసామే, యెంత కావల్లమ్మా అని అడిగి పిలుస్తాడు. మేము రాకున్నా మాకు గుట్ట కాడ పనుందని ఆయప్పకు తెలుసు గదా."

ఆర్థికశాస్త్రజ్ఞులు దీనినే మన రాష్ట్రమున పెద్ద యెత్తున పరిశోధించి తేల్చిరి. 2010 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఈ పథకపు కూలిని బయోమెట్రిక్ స్మార్టు కార్డులతో చెల్లించు పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు, ఎనిమిది జిల్లాలలోని 157 మండలములలో ఏవి ముందు, ఏవి వెనుక అనుదానిని లాటరీవలె నిర్ణయించిరి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖతంకర్ అను పండితులు ఆ రెండు వర్గములను పోల్చి చూచిరి. చెల్లింపు చక్కబడిన మండలములలో పేద కుటుంబముల రాబడి పెరిగెను. ఆ పెరుగుదలలో బహుకొద్ది భాగము మాత్రమే పథకపు కూలినుండి, మిగిలినది బయటి కూలి రేట్లును బయటి పనియును పెరుగుటనుండి వచ్చినదని వారి నిర్ణయము. 1834లో ఇంగ్లండు దొరలు భయపడినది సరిగ్గా దీనికే. పెద్దమ్మ అదే మాటను ఆకు వక్క ఉమియుటకును ఆ పైమాటకును నడుమ చెప్పివేసెను.

ఆసామి పక్షమును చెప్పకపోవుట అన్యాయము. ఈనాడు సీమలో ఆసామి యన్నవాడు దివాణములో తిన్నెమీద కూర్చున్నవాడు కాడు. నాలుగైదు ఎకరముల చెనక్కాయ చేను, ఎండిపోయిన రెండు బోర్లు, బ్యాంకులో కుదువపెట్టిన బంగారము, ఇంతే వాని ఐశ్వర్యము. కలుపునకు, కాయ పీకుటకు కూలి పెరిగినది. కాయ ధర వాని చేతిలో లేదు. కూలి పెరిగినందుకు వాడు గుట్టవైపు చూచి తిట్టును, ధర పెరగనందుకు ఎవరిని తిట్టవలెనో వానికి కనబడదు. గుట్ట కనబడును, నూనెల దిగుమతి సుంకము నిర్ణయించు గది కనబడదు. పేదవానికిని, వానికంటె ఒక మెట్టు పైనున్నవానికిని నడుమనే జగడము జరుగుచుండుట మన దేశపు ఏర్పాటులలో బహు నేర్పుతో చేసిన ఏర్పాటని నాకు ఒక్కొక్కప్పుడు అనుమానము కలుగును. పథకపు వ్యయము ఎన్నడును జాతీయాదాయములో నూటికి ఒకటి దాటలేదు. కొవిడ్ వచ్చిన 2020–21లో, ఏడు కోట్లకు పైగా కుటుంబములు దీనిని ఆశ్రయించి ఖర్చు లక్ష కోట్ల రూపాయలు దాటిన యేట కూడ దాటలేదు. అయినను దుబారా యను పాత నింద బీహారునుండి నేటివరకు వెంట వచ్చుచునేయున్నది.

ఇందులో దొంగలెక్కలు లేవని నేననను. లేని మనుషుల పేరిట మస్టర్లు, త్రవ్వని గుంతలకు కొలతలు, నెలల తరబడి పడని కూలి, అన్నియును ఉన్నవి. వీటిని పట్టుకొనుటకు ఊరి జనమునే కూర్చుండబెట్టి, కాగితములను బిగ్గరగా చదివి వినిపించు సామాజిక తనిఖీ పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశము దేశములోనే ముందుగా క్రమబద్ధము చేసెను. ఫోను ఫోటోకంటె ఆ చదువుటయే దొంగను ఎక్కువ భయపెట్టునదని నా నమ్మకము. ఆధారుతో ముడిపడని ఖాతాకు కూలి పడదను నిబంధన 2024 జనవరినుండి ఖాయమయ్యెను. వ్రేలిముద్ర అరిగిన చేతులే గునపము పట్టిన చేతులు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టమునకు బదులుగా మరొక చట్టమును ఆమోదించినది. నూరు దినములు 125 అగును. కూలి ఖర్చులో పెక్కు రాష్ట్రములు నూటికి నలువది వంతు మోయవలెను. సేద్యపు పనుల కాలమున మొత్తము మీద అరువది దినములు ఈ పనిని ఆపివేయుటకు రాష్ట్రములు ముందుగానే ప్రకటింపవలెను. రైతుల మొరను ఆలకించి ఇట్లు చేసితిమని ప్రభుత్వపు మాట.

గుట్ట క్రింద సాయంకాలపు ఫోటో ఎట్టకేలకు ఎక్కినది. తట్టలు బోర్లించి అందరును ఊరివైపు నడుచుచుండగా పెద్దమ్మ నా ప్రక్కకు వచ్చినది. కొత్త చట్టము సంగతి టీవీలో ఆమె మనుమడు చూచి చెప్పెనట.

"నూట ఇరవై అయిదు దినాలంట గదా నాయనా. మంచిదే. ఆ అరవై దినాలు మూసేది కాయ పీకే నెలలోనేనా?"

"ఇంకను నిర్ణయింపలేదమ్మా" అంటిని.

ఆమె గునపమును భుజము మార్చుకొని, "అయితే ఆ నెల ఆసామి మళ్లా అడగడులే" అని ముందుకు నడిచెను.